వాన పడిందేటి?

మా ఆయన పగటిపూట నాకు ఫోను చేసేది ఒకే ఒక్క మాట అడగడానికి. "అనూ, వాన పడిందేటి?"

పెళ్ళయి పంతొమ్మిదేళ్ళు దాటిన మొగుడు, యాభై కిలోమీటర్ల అవతల నుంచి పనిగట్టుకుని ఫోను చేసి వాన గురించి అడిగితే ఏ ఆడదైనా ఏమనుకుంటుంది? నేనూ అదే అనుకున్నాను. మొదటిసారి అడిగిన రోజు ఫోను చెవి దగ్గర పెట్టుకునే కిటికీ దాకా వెళ్ళి, తడుస్తున్న హైవే వంక చూసి, గొంతు కొంచెం సన్నం చేసుకుని, "పడుతోందండీ. చల్లగా ఉంది. బజ్జీలు వెయ్యాలనిపిస్తోంది" అన్నాను. "ఎన్ని మిల్లీమీటర్లుంటాది?" అన్నారాయన. ఆ రోజు బజ్జీలు వెయ్యలేదు.

ఆయన పేరు ఉమాశంకర్. కాగితం మీద రాయొచ్చు గానీ నోటితో అనకూడదని మా అత్తగారి నియమం. ఉద్యోగం కట్టుబడి కంపెనీలో. వారానికి నాలుగు రోజులు శృంగవరపుకోట వైపు ఒక సైటు, మిగతా రోజులు మా ఇంటి ఎదురుగా, హైవేకి అటుపక్క ఇంకో సైటు. రెండింటికీ పర్యావరణం కాగితాలు చూసేది ఆయనే. మా ఎదుటి సైటు నలభై ఎకరాల ఎర్రమట్టి దిబ్బ. నాలుగేళ్ళ కిందటిదాకా దాని నిండా జీడితోట. ఇప్పుడు చెట్లన్నీ కొట్టి, దిబ్బ నెత్తి గొరిగి, చదును చేసి పెద్ద పెద్ద గోదాములు కడుతున్నారు. చెట్టు లేని ఎర్రమట్టి మీద వాన పడితే ఏమవుతుందో చెప్పడానికి బియెస్సీ చదవక్కర్లేదు. నేను చదివాను, విజయనగరంలో, కెమిస్ట్రీ, ఫస్టు క్లాసులో. ఆ సంగతి ఇంట్లో గ్యాసు బండ వాసన వచ్చినప్పుడు మాత్రం అందరికీ గుర్తొస్తుంది.

కంపెనీకి అప్పిచ్చింది ఎక్కడో విదేశాల బ్యాంకు. వాళ్ళకి వాననీళ్ళంటే మహా భయం. తవ్విపోసిన మట్టిగుట్టల మీద టార్పాలిన్లు కప్పాలి. పల్లం వైపు గుడ్డకంచె కట్టాలి. కాలవల నోళ్ళ దగ్గర కంకర పొయ్యాలి. గేటు దాటే లారీల చక్రాలు కడగాలి. వాననీరంతా ఒక మూల తవ్విన చెరువులోకి పోయి, అక్కడ నిలబడి, మట్టి అడుక్కి దిగాక, పైన ఉన్న తేటనీరే బయటికి పోవాలి. వాన పడిన ఇరవై నాలుగు గంటల్లో ఎవరో ఒక మనిషి ఇదంతా తిరిగి చూసి రిజిస్టరులో ఎక్కించాలి. మేస్త్రీలు కూడా చదువుకునేట్టు ఆ రిజిస్టరు తెలుగులోనే ఉండాలి. తేదీ, వాన ఎంత, కాలవలు ఎలా ఉన్నాయి, చెరువు ఎలా ఉంది, బయటికి పోయే నీరు ఎలా ఉంది, కొలిచినవారు, సంతకం. ఏడు గళ్ళు.

మా ఆయన తెలుగు రాస్తే ఒత్తులన్నీ వరదలో కొట్టుకుపోయినట్టుంటాయి. అందుకని మూడేళ్ళ కిందట ఒక ఆదివారం ఆ రిజిస్టరు తెచ్చి, నేను బియ్యం ఏరుకుంటున్న చాట పక్కన పెట్టి, "నీ రాత బావుంటాది కదా, కాస్త ఇది రాసి పెట్టు. నువ్వు ఎలాగూ ఖాళీగానే ఉంటావు" అన్నారు.

ఖాళీ అనే మాట మీద నేను చాలా పరిశోధన చేశాను. పొద్దున్న ఐదింటికి లేచి ఆయనకి డబ్బా కట్టడం ఖాళీ. మోటారు వేసి, ట్యాంకు నిండేదాకా కాచుక్కూర్చోవడం ఖాళీ. ఇల్లు తుడవడం, మళ్ళీ తుడవడం, ఎందుకంటే ఎదుటి దిబ్బ మీద దుమ్ము రోజుకి రెండుసార్లు మా ఇంటికి చుట్టం చూపుగా వస్తుంది, అదీ ఖాళీయే. హాస్టల్లో ఉన్న మా అమ్మాయికి ఆదివారం ఫోను చేసి అది "ఊఁ, ఊఁ" అంటుంటే అవతల అది ఫోనులో ఇంకేదో చూసుకుంటోందని తెలిసీ మాట్లాడుతూ ఉండడం మాత్రం నిజంగానే ఖాళీ. మా వాటా మొదటి అంతస్తు, దాని పైన మేడ. కింద టైర్ల గోదాము. అటూ ఇటూ కిలోమీటరు దాకా ఇల్లన్నది లేదు. విజయనగరంలో మా అమ్మగారి వీధిలో అయితే దగ్గితే పక్కింటివాళ్ళు మిరియాల కషాయం పంపేవాళ్ళు. ఇక్కడ నేను గట్టిగా పాట పాడినా వినేది టైర్లే. పోనీ అవైనా చెడుగా అనుకోవు.

అలా నేను ఎన్నడూ కాలు పెట్టని సైటుకి మూడేళ్ళు రిజిస్టరు రాశాను. ఆయన చెప్పేవారు, నేను ఎక్కించేదాన్ని. కాలవలు: శుభ్రం. చెరువు: సరిగ్గా ఉంది. బయటికి పోయే నీరు: తేట. కొలిచినవారు: ఉ.శం. ఒక్క షరతు మాత్రం గట్టిగా పెట్టారు. "గెడ్డ అన్న మాట ఎక్కడా రాయకు. డ్రైను అను."

మా వైపు పుట్టినవాళ్ళకి గెడ్డంటే ఏమిటో చెప్పక్కర్లేదు. కొండల వైపు నుంచి వచ్చి, వానాకాలం పరుగెత్తి, మిగతా కాలం ఇసక కింద దాక్కుని పారుతూ సముద్రంలో కలిసేది గెడ్డ. దిబ్బ పల్లానికి ఉన్నది గెడ్డే. దానికి తాతముత్తాతల నాటి పేరుంది. కానీ కంపెనీ ప్లానులో అది "వాననీటి డ్రైను". గెడ్డ అని ఒప్పుకుంటే దూరంగా జరగాలట, ఇంకో చెరువు తవ్వాలట, పని ఆగుతుందట. "ఒక్క మాటకి అంత ఖర్సు" అన్నారాయన. ఒక్క మాట ఖరీదు మగవాళ్ళకి కాగితాల దగ్గరే తెలుస్తుంది.

ఒకసారి నాకు అనుమానం వచ్చింది, నేను రాసేది ఎవరైనా చదువుతున్నారా అని. ఒక జులై రోజు 'బయటికి పోయే నీరు' గడిలో "పప్పుచారు బాగా కుదిరింది" అని రాసి ఊరుకున్నాను. మా ఆయన సంతకం పెట్టారు. ఆయన పైన ప్రాజెక్టు మేనేజరు పృథ్వీరాజ్ గారు సంతకం పెట్టి ముద్ర కూడా కొట్టారు. మూడేళ్ళలో నా వంటకి దక్కిన లిఖితపూర్వకమైన మెప్పు అదొక్కటే.

ఇంతకీ మిల్లీమీటర్ల సంగతి. సైటులో వాన కొలిచే గాజు కొలత ఒకటుండేది, పృథ్వీరాజ్ గారి టేబులు మీద పెన్నులు పెట్టుకోవడానికి పనికొస్తోంది. సైటువాళ్ళనడిగితే ఎప్పుడూ "కొంచెం పడింది సార్" అనే అంటారు. అందుకే ఆయన నన్ను అడిగేవారు. నేను ఊరికే చెప్పేదాన్ని కాదు. కొలిచి చెప్పేదాన్ని. దానికి కారణం మా అత్తగారు జగ్గమ్మగారు. ఆవిడ ఉండేది అరసవల్లిలో, పెద్దకొడుకు దగ్గర. మా ఇంటికి ఏడాదికి రెండుసార్లు వస్తారు. వచ్చేది చూడ్డానికి కాదు, తనిఖీకి. తనిఖీ అంటే ఏమిటో బ్యాంకువాళ్ళు మా ఆయన కంపెనీకి చెప్పక ముందే నాకు తెలుసు. మాసిన దుప్పట్లు బీరువాలోకి, పగిలిన కప్పులు అటక మీదికి, ఉబ్బిన కళ్ళ మీద చన్నీళ్ళు. మట్టిగుట్టల మీద టార్పాలిన్లు కప్పడమంటే అంతే కదా. ఒక ఎండాకాలం ఆవిడ పెట్టిన గుమ్మడి వడియాలు మేడ మీద ఆరుతుండగా గాలీవానా వచ్చింది. నేను పరిగెత్తేసరికి సగం తడిశాయి. "డిగ్రీ సదివిన కోడలు. ఆకాశం సూసి వానొస్తాదో రాదో తెలీదు. మరేటి సదివినట్టు?" అన్నారావిడ. అలా అన్నది కొడుకు ముందు. ఆయన పేపరు పేజీ తిప్పారు. ఆ పేజీ తిప్పిన చప్పుడు నాకిప్పటికీ వినిపిస్తుంది.

మర్నాడు మిఠాయి కొట్టు తాలూకు ప్లాస్టిక్ డబ్బా ఒకటి తీసుకున్నాను. మూతి నుంచి అడుగు దాకా ఒకే వెడల్పు ఉన్న డబ్బా అయితే చాలు, అందులో నిలిచిన నీటి ఎత్తే వాన లెక్క. మా అమ్మాయి పాత స్కేలు దానికి అతికించి, మేడ మీద పిట్టగోడకి దూరంగా, సిమెంటు దిమ్మ మీద కట్టాను. రోజూ ఎనిమిదింటికి చూసి వంటింటి క్యాలెండరులో ఆ తారీఖు గడిలో వేసేదాన్ని. ఆ గడుల్లో నా సంసారమంతా ఉంది. బండ మార్చిన రోజుకి 'బ'. జగ్గమ్మగారు వచ్చిన రోజుకి 'జ', వెళ్ళిన రోజుకి 'జ' చుట్టూ చిన్న పువ్వు. వాన లేని రోజుకి అడ్డగీత. ఎవరూ నాతో మాట్లాడని రోజుకి సున్నా. ఆయన ఫోను మాటల కింద వస్తుందా రాదా అని చాలా ఆలోచించి, వాన గురించి అడిగింది మాట కాదని తీర్మానించుకున్నాను. క్యాలెండరులో వానలకంటే సున్నాలెక్కువ.

సున్నా పడకుండా కాపాడేది వారానికి రెండుసార్లు కూర్మమ్మ. గెడ్డ సముద్రంలో కలిసే చోట ఉన్న పల్లె నుంచి చేపల గంప నెత్తిన పెట్టుకుని వస్తుంది. మెట్ల కింద నుంచే మొదలు. "అమ్మా, బేగి గిన్నె పట్రా! కవళ్ళు, ఇంకా కళ్ళార్పతన్నాయి!" చచ్చిన చేప కళ్ళెలా ఆర్పుతుందని నేనూ, "నీ కళ్ళతో సూస్తే కనపడదు, నా కళ్ళతో సూడు" అని ఆవిడా. చేపలు తోముతూ ఊరంతా చెప్పేది. ఎవరి వల తెగింది, ఎవరి కోడలు అలిగింది, ఎవరి దూడ గెడ్డలో పడింది. తలుపు గుమ్మం మీద నేను, మెట్టు మీద ఆవిడ. ఆ అరగంట కోసం నేను అవసరం లేకపోయినా చేపలు కొన్న రోజులున్నాయి.

మొన్న అక్టోబరు పద్నాలుగున తెల్లవారకముందు మొదలైన వాన మధ్యాహ్నానికి గానీ తగ్గుముఖం పట్టలేదు. గొడుగు వేసుకుని మేడెక్కాను. డబ్బా చూశాను. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. తొంభై రెండు. తల ఎత్తితే ఎదురుగా దిబ్బ కదులుతోంది. టార్పాలిన్లు లేచి ఎగురుతున్నాయి. గుడ్డకంచె పడుకుంది. మూల ఉన్న చెరువు కట్ట మధ్యలోకి చీలి, అక్కడ నుంచి ఎర్రటి నీళ్ళు, నీళ్ళనడం కూడా తప్పే, జావలాంటి మట్టి, గెడ్డలోకి దూకుతోంది. చప్పుడు ఇక్కడికి వినిపిస్తోంది. గొడుగు వాలిపోయి తడుస్తున్నా అలాగే నిలబడ్డాను. మూడేళ్ళు 'తేట' అని రాసింది నేనే కదా.

ఫోను మోగింది. "అనూ, వాన పడిందేటి?"

"తొంభై రెండు. చెరువు కట్ట తెగిందండీ. గెడ్డంతా ఎర్రగా..."

"తొంభై రెండేటి? నీ డబ్బాలో ఏ కాకో తానం సేసుంటాది." అంతలోనే గొంతు తగ్గించారు. "సరే. ఈ నెల పేజీ ఇప్పుడు రాయకు. నేన్చెప్తాను."

వారం తర్వాత కూర్మమ్మ వచ్చింది. గంప లేదు. కింద నుంచి కేక లేదు. మెట్లెక్కి వచ్చి కొంగులోంచి నీళ్ళ సీసా ఒకటి తీసి గుమ్మం మీద పెట్టింది. అందులో ఉన్నది టీ అనుకున్నాను.

"సెలమలో నీళ్ళమ్మా" అంది.

గెడ్డ ఇసకలో చేతులతో గొయ్యి తవ్వితే ఊరే నీరు చెలమ. ఆ పల్లె ఆడవాళ్ళు తాగేది అదే. కుళాయి నీళ్ళు ఉప్పగా వస్తాయని, చెలమ నీళ్ళయితేనే పప్పు ఉడుకుతుందని కూర్మమ్మ ఎన్నిసార్లో చెప్పింది. ఆ ఇసక మీద ఇప్పుడు మోకాలెత్తు మట్టి పేరుకుందట. ఎక్కడ తవ్వినా ఇలాగే ఊరుతోందట.

"ఎనిమిది రోజులయినాది. తేరతాదేమో, తేరతాదేమో అని సూస్తన్నాం. తేరట్లేదు. బిందె పట్టుకుని రోడ్డు కాడ పంపు దాకా ఎల్తన్నాం, పోనూ రానూ రెండు కోసులు. నా కోడలికి తొమ్మిదో నెలమ్మా. మొగోళ్ళనడిగితే సముద్రం మీదకెల్లాలి, మాకేటి తెలుసంటారు. నీళ్ళు మోసేది ఆళ్ళు కాదు గదా. సైటుకాడికెల్లి అడిగితే ఆ మేనేజరు బాబు, 'ఆ రోజు వానే లేదు, మట్టెలా వస్తాది, మీ గెడ్డ మీరే తవ్వుకునుంటారు' అన్నాడు. కాయితం మీద ఉందంట, వాన లేదని. మాకు కాయితం లేదు. నువ్వు సదువుకున్నదానివి. మాకో కాయితం రాసి పెట్టమ్మా."

రిజిస్టరులో ఆ నెల పేజీ ఇంకా ఖాళీయేనని నాకు తెలుసు. కూర్మమ్మకి మా ఆయన ఏ కంపెనీయో తెలీక కాదు. తెలిసే వచ్చింది. ఆ మాట ఆవిడా అనలేదు, నేనూ అనలేదు. సీసా ఇద్దరి మధ్యా ఉంది.

చపాతీ పీట బోర్లించి దాని మీద కాగితం పెట్టుకుని రాశాను. పద్నాలుగో తారీఖు నాటి వాన. తెగిన కట్ట. మట్టి. చెలమలు. బిందెలు. 'గెడ్డ' అన్న మాట పదకొండుసార్లు వచ్చింది. నాలుగుసార్లు సరిపోయేది, మూడేళ్ళ బాకీ అని మిగతా ఏడూ వేశాను. సైటు గేటు పక్కన పచ్చ రంగు ఫిర్యాదుల పెట్టె ఉంటుందనీ, దాని తాళం కంపెనీ దగ్గర కాక బ్యాంకు మనుషుల దగ్గరే ఉంటుందనీ రిజిస్టరు వెనకట్టమీద అచ్చేసి ఉంది. అది చదివినదాన్ని బహుశా నేనొక్కదాన్నే. "అందరి చేతా వేలిముద్రలు వేయించి ఆ పెట్టెలో పడెయ్యి" అన్నాను. ఇరవై మూడు మంది ఆడవాళ్ళు వేశారట.

కూర్మమ్మ వెళ్ళాక ఆ సీసాని వంటింటి గట్టు మీద, ఉప్పు జాడీ పక్కన పెట్టాను. మట్టి దిగుతుందేమో చూద్దామని. మర్నాడు చూశాను. ఆ మర్నాడు చూశాను. పైన చిటికెడంత కూడా తేరలేదు.

నెల తిరిగేసరికి బ్యాంకు నుంచి తాఖీదు వచ్చింది. తనిఖీకి మనిషి వస్తున్నారు, గురువారం. సోమవారం నుంచి ఎదుటి దిబ్బ పెళ్ళివారిల్లయింది. కొత్త టార్పాలిన్లు, కొత్త ఇసక బస్తాలు, లారీల కొద్దీ కంకర. తెగిన కట్టకి గడ్డి పలకలు అతికించి పైన నీళ్ళు చల్లుతున్నారు. డీజిలు పీపాలకి రంగులు వేస్తున్నారు. మేడ మీద నుంచి చూస్తుంటే నాకు నవ్వొచ్చింది. ఉబ్బిన కళ్ళ మీద చన్నీళ్ళు.

మంగళవారం మధ్యాహ్నం మా ఆయన భోజనానికి ఇంటికొచ్చారు. వచ్చి చాలా రోజులైంది అలా. చంకలో రిజిస్టరు, చొక్కా జేబులో మడత పెట్టిన కాగితం. చెయ్యి కడుక్కోకుండానే ఆ కాగితం తీసి బల్ల మీద పరిచారు. తాఖీదుతో పాటు బ్యాంకువాళ్ళు పంపిన జిరాక్సు. ఇరవై మూడు నల్లటి వేలిముద్రలు, పైన నా రాత.

నా రాతలాంటిది ఇంకెవరికీ లేదు. చిన్నప్పుడు మా తెలుగు మాస్టారు వెయ్యి మందిలో పోల్చుకోవచ్చనేవారు. తలకట్టు పిట్ట ముక్కులా ఉంటుంది. డ ఒత్తు తోక కింద వరస దాకా దిగుతుంది. కాగితం మీద పదకొండు గెడ్డలు, పదకొండు తోకలు. దొరికిపోయాననుకున్నాను. అన్నం గరిటె పట్టుకుని అలా నిలబడ్డాను.

"ఎవడో లాయరు రాసుంటాడు" అన్నారాయన. "కాదంటే రిటైరైన మాస్టారెవడో. సూడు, ఎంత పద్ధతిగా రాసినాడో. ఆళ్ళకింత తెలివెక్కడిది?"

"ఈ రాత ఎక్కడో చూసినట్టు లేదూ?" అన్నాను.

ఆయన కాగితం వంక చూశారు. నిజంగానే చూశారు, కళ్ళు చిట్లించి మరీ. "రాతదేటుందే. అందరిదీ ఒక్కలాగే ఉంటాది. చారు పొయ్యి."

చారు పోశాను. భయం పోయింది. దాని చోటికి ఇంకేదో వచ్చి కూర్చుంది. దొరికిపోతే బావుండునని మనసు ఎంత ఆశపడిందో అప్పుడు తెలిసింది. తిట్టినా సరే. 'ఇది నీ రాతే కదే' అని చెయ్యెత్తి గదిమినా సరే. మూడేళ్ళు పేజీ పేజీకీ ఆ చేతిరాత కింద సంతకం పెట్టిన మనిషి. పంతొమ్మిదేళ్ళ నుంచి పచారీ చీటీ ఆ రాతలోనే జేబులో పెట్టుకెళ్ళిన మనిషి.

ఆయన చెడ్డవారు కాదు, ఆ మాట చెప్పాలి. భయస్తులు. ముద్ద మింగుతూ చెప్పుకొచ్చారు. ఫిర్యాదు నిజమని తేలితే మట్టిపని ఆపేస్తారట. గెడ్డలో మేట కంపెనీయే తీయించాలట, చెలమలు మళ్ళీ ఊరేదాకా పల్లెకి మంచినీళ్ళు తోలాలట. పృథ్వీరాజ్ గారు తప్పంతా తన మీదికి తోసేస్తారట. "అక్టోబరు, నవంబరు పేజీలు నింపీ. పద్నాలుగుకి ఆరు మిల్లీమీటర్లు ఎయ్యి. కాలవలు శుభ్రం, నీరు తేట. వానే లేకపోతే మట్టెలా వస్తాది, గెడ్డే లేకపోతే సెలమలెక్కడివి? ఒక్క వరస అనూ. ఆ వరసతో కొట్టి పారేస్తారు. సాయంత్రం వచ్చి సంతకం పెడతాను."

ఆయన వెళ్ళాక గిన్నెలు కడిగాను. బల్ల తుడిచాను. వంటింటి క్యాలెండరు మేకు నుంచి తీసి బల్ల మీద పెట్టుకుని, రిజిస్టరు తెరిచాను. అక్టోబరు ఒకటి, అడ్డగీత. రెండు, అడ్డగీత. మూడు, ఎనిమిది మిల్లీమీటర్లు. పదమూడు దాకా చెయ్యి ఆగకుండా నడిచింది. పద్నాలుగు దగ్గర ఆగింది.

ఆరు అని రాయడం నాకు చేతకాక కాదు. అంతకంటే పెద్దవే రాశాను. జగ్గమ్మగారు అడిగినప్పుడల్లా 'సుఖంగానే ఉన్నానత్తయ్యా' అని, అమ్మ అడిగినప్పుడల్లా 'ఇక్కడ బోలెడు కాలక్షేపం' అని. నా ముప్ఫయ్యేళ్ళ రాతలో 'తేట' అన్న మాటకి లోటు లేదు. కానీ ఆ కాగితం మీద వేలిముద్రలు వేసిన ఇరవై మూడు మందికీ రాత రాదు. వాళ్ళ తరఫున నేనొక్కదాన్నే రాశాను. ఇప్పుడు అదే పెన్నుతో, అదే తోకలతో, వాళ్ళు అబద్ధమాడారని నేనే రాయాలి. ఒక చేత్తో పెట్టి ఇంకో చేత్తో లాక్కోవడం అంటారు. నాకు రాసే చెయ్యి ఒకటే ఉంది.

వంటింటి గట్టు వంక చూశాను. సీసా ఎర్రగా ఉంది. నలభై రోజులు దాటింది.

రాశాను. వాన: 92 మి.మీ. కాలవలు: పూడిపోయాయి. చెరువు: కట్ట తెగింది. బయటికి పోయే నీరు: ఎర్రమట్టితో, గెడ్డలోకి. ఆ 'గెడ్డ' తోక కింద గడిలోకి దిగింది. 'కొలిచినవారు' దగ్గర ఉ.శం. అని రాయబోయి పెన్ను ఎత్తాను. ఆయన కొలవలేదు కదా. అనూరాధ, బి.ఎస్సీ. అని రాసి, ఇంకా చోటుంటే ఫోను నంబరు కూడా వేశాను. బి.ఎస్సీ. అని రాసి ఎన్నేళ్ళయిందో. ముందు రెండు చుక్కలు పెట్టడం మరిచిపోయి మళ్ళీ పెట్టాను.

సాయంత్రం ఆయన వచ్చారు. రిజిస్టరు తెరిచి, ఆ పేజీ పైకే పెట్టి ఇచ్చాను. "ఒక్కసారి చదువుకుని సంతకం పెట్టండి."

"నీ రాత నాకు తెలీదేటి? ముత్యాల్లాగుంటాది" అంటూ పేజీ అడుగున సంతకం గీశారు. ఫిర్యాదు జిరాక్సు ఇంకా ఆయన జేబులోంచి తొంగి చూస్తోంది.

"చదవండి. ఇంకోసారి చెబుతున్నాను."

"పృథ్వీరాజ్ సారు బండి కింద ఉన్నాది అనూ. ఆయన సంతకం కూడా అయిపోవాల." రెండు మెట్లు దిగి వెనక్కి తిరిగారు. "టీ ఉందేటి?" ఉంది. తాగే తీరిక లేక వెళ్ళిపోయారు.

బుధవారం గడిలో సున్నా వేశాను.

గురువారం పొద్దున్న తెల్లకారు ఒకటి ఎదుటి గేటులోకి వెళ్ళడం మేడ మీద నుంచి చూశాను. కిందికొచ్చి ఇల్లు తుడిచాను. మాసిన దుప్పట్లు బీరువాలో పెట్టలేదు. పగిలిన కప్పులు అటకెక్కించలేదు. క్యాలెండరు మేకుకే ఉంది. దాన్ని ఎవరైనా చూస్తే వానలే కాదు, సున్నాలు కూడా కనపడతాయి. అవేమిటని అడిగితే చెప్పొచ్చా లేదా అని కాసేపు ఆలోచించి, అడిగితే కదా అనుకున్నాను. పదకొండున్నర అయింది. పన్నెండైంది. ఆయన కొలువు ఏమవుతుందో, ఈ ఇల్లేమవుతుందో, సాయంత్రం ఆ మెట్లెక్కి వచ్చేది ఏ ముఖమో. అయినా కూర్చోలేదు. పొయ్యి మీద పప్పుచారు పెట్టాను.

ఫోను మోగింది. కొత్త నంబరు.

"నమస్కారమండీ." ఆడగొంతు, నిదానంగా ఉంది. "నా పేరు దుర్గాభవాని. ఇక్కడ సైటులో తనిఖీకి వచ్చాను. రిజిస్టరులో కొలిచినవారి కింద పేరున్న అనూరాధ గారు మీరేనా?"

"నేనేనండీ."

వెనక మా ఆయన గొంతు, సన్నగా. "మేడమ్, అది మా... ఇంట్లో ఆవిడ... ఆవిడకి ఏటీ తెలీదు మేడమ్..."

"ఒక్క నిమిషం సార్. నేను ఆవిడనే అడుగుతున్నాను." కాగితం తిప్పిన చప్పుడైంది. "అనూరాధ గారూ, అక్టోబరు పద్నాలుగున మీ దగ్గర వాన పడిందా అండీ?"

మూడేళ్ళుగా వింటున్న ప్రశ్నే. కానీ అడిగి, ఆగి, జవాబు కోసం కాచుకున్న మనిషిని వినడం అదే మొదలు. పొయ్యి తగ్గించాను.

"పడిందండీ" అన్నాను. "తొంభై రెండు మిల్లీమీటర్లు. మేడ మీద డబ్బా ఉంది, వంటింట్లో క్యాలెండరుంది, గట్టు మీద గెడ్డ నీళ్ళ సీసా ఉంది. రండి, చూపిస్తాను. ఇంటి దారి మా ఆయనకి తెలుసు."